కాపడానికి బియ్యం సంచి

కాపడం అంటే తెలియని తెలుగిల్లు ఉండదు. నడుం పట్టేస్తే ఉప్పు మూట, మెడ పట్టేస్తే ఇసుక మూట, మోకాలికి వెచ్చచేసిన వావిలాకు, ఏదీ దొరక్కపోతే పొయ్యిలో కాచి పాతగుడ్డ చుట్టిన ఇటుక ముక్క. ఇవన్నీ మన అమ్మమ్మల వైద్యాలు. ఆ తర్వాత మందుల షాపులోంచి రబ్బరు సంచి వచ్చింది. ఇప్పుడు చాలా ఇళ్ళలో వంటింటి గట్టు మీద మైక్రోవేవ్ ఓవెన్ వచ్చి కూచుంది. దానికి నిన్నటి కూర వెచ్చబెట్టడం తప్ప వేరే పని ఉన్నట్టు కనపడదు. ఆ ఓవెన్‌తోనే కాపడం పెట్టుకునే సంచిని ఇంట్లో కుట్టుకోవచ్చా, ఎలా కుట్టాలి, ఎంతసేపు వేడి చెయ్యాలి అని చాలామంది అడుగుతున్నారు.

కుట్టుకోవచ్చు. ఖర్చు దాదాపు లేదు. ఒక పాత నూలు దుప్పటి, అరకిలో బియ్యం, ఒక గంట తీరిక ఉంటే చాలు. కాని కుట్టడం తేలికే, వాడడంలోనే తెలుసుకోవలసినవి ఉన్నాయి. ఈ సంచి చూడడానికి చంటిపిల్ల తలగడలా అమాయకంగా ఉంటుంది. అజాగ్రత్తగా వాడితే ఒళ్ళూ కాలుస్తుంది, ఇల్లూ కాలుస్తుంది.

వేడి ఏం చేస్తుంది?

పట్టేసిన కండరం మీద వేడి తగిలినప్పుడు అక్కడి రక్తనాళాలు విప్పారి రక్తం బాగా ప్రవహిస్తుంది. బిగుసుకున్న కండరం సడలుతుంది. ఇంకో సంగతి కూడా జరుగుతుంది. నొప్పి కబురూ, వేడి కబురూ రెండూ నరాల ద్వారా వెన్నుపాముకి చేరి అక్కణ్ణించి మెదడుకి పోవాలి. వెన్నుపాములో ఒక ద్వారంలాంటి ఏర్పాటు ఉందనీ, ఒక స్పర్శ జోరుగా వస్తుంటే నొప్పి కబురు వెనకబడుతుందనీ మెల్‌జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట మనం గబుక్కున రుద్దుకోవడం కూడా ఇందుకే.

చర్మానికి వేడి ఎలా తెలుస్తుందన్నది ఇంకా విచిత్రమైన కథ. అమెరికాలో డేవిడ్ జూలియస్ అనే ఆయన మిరపకాయ ఎందుకు మండుతుందో తెలుసుకోబోయి 1997లో ఒక గ్రాహకాన్ని పట్టుకున్నాడు. మిరపకాయలోని కారానికి పలికే ఆ గ్రాహకమే వేడికీ పలుకుతుందట. కారం తిన్నప్పుడు నోరు కాలినట్టు ఉంటుందని మనం అనేది ఉత్త మాట కాదన్నమాట. దీనికి ఆయనకి 2021లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది, ఇంకొకరితో కలిపి. ఈ గ్రాహకం సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మేలుకుంటుంది. అంతవరకూ హాయిగా ఉన్న వేడి అక్కణ్ణించి "అమ్మో" అనిపిస్తుంది.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1947లో చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో పరీక్షలు చేసి ప్రకటించారు. 44 డిగ్రీల దగ్గర సుమారు 6 గంటలకి కాలుతుంది. 60 డిగ్రీల దగ్గర 5 సెకన్లు చాలు. అంటే మనకి "అమ్మో" అనిపించే చోటే చర్మం కాలడమూ మొదలవుతుంది. మధ్యలో ఒక్క డిగ్రీ తేడా. ప్రకృతి ఆ హెచ్చరిక గంటని సరిగ్గా తగలవలసిన చోటే తగిలించింది. ఆ గంట మోగినంతకాలం కాపడం వల్ల ప్రమాదం తక్కువ. మోగకపోతేనే చిక్కు. దాని గురించి కాస్సేపట్లో చెప్తాను.

ఎవరికి పనికొస్తుంది?

రోజంతా కుట్టుమిషను ముందో కంప్యూటరు ముందో కూచుని మెడా భుజాలూ బిగుసుకున్నవారికి, బస్తా ఎత్తి నడుం పట్టేసినవారికి, పాత మోకాలి నొప్పులు పొద్దున్నే కదలనివ్వనివారికి ఇది సుఖాన్నిస్తుంది. ఇలాంటి సంగతుల్లో వైద్య పరిశోధనలన్నీ జల్లెడ పట్టి చెప్పే కోక్రేన్ సంస్థ 2006లో నడుంనొప్పి విషయం పరిశీలించింది. ఇటీవల మొదలైన నడుంనొప్పికి వేడి కొద్దిరోజులపాటు కొంత ఉపశమనం ఇస్తుందనీ, దానికి వ్యాయామం తోడైతే మేలు ఇంకాస్త ఎక్కువనీ తేల్చింది. "కొంత", "కొద్దిరోజులు" అన్నమాటలు గమనించండి. కాపడం నొప్పిని తగ్గిస్తుంది గాని నొప్పికి మూలాన్ని తీసెయ్యదు. కాపడం పెట్టుకున్న పది నిమిషాల తర్వాత నడుం తేలికపడుతుంది చూశారూ, మెల్లగా అటూ ఇటూ వంగి, నాలుగడుగులు వెయ్యవలసింది అప్పుడు. మళ్ళీ మంచమెక్కి పడుకుంటే సగం లాభం పోయినట్టే.

ఆడపిల్లలకి నెలసరి నొప్పిలో ఇది మరీ మంచిది. పొత్తికడుపు మీద సుమారు 39 డిగ్రీల వేడి గంటల తరబడి ఉంచితే ఇబుప్రొఫెన్ మాత్ర ఇచ్చినంత ఉపశమనం కలుగుతుందని 2001లో ఒక అమెరికన్ పరిశోధన చూపించింది. 39 డిగ్రీలంటే ఒంటి వేడికన్నా రెండు డిగ్రీలే ఎక్కువ. వేడి ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకునేవాళ్ళు ఈ అంకెని గుర్తుపెట్టుకోవాలి.

కొత్త దెబ్బకి మాత్రం వేడి వద్దు. కాలు మడతపడి చీలమండ ఉబ్బితే మొదటి రెండు రోజులూ కాపడం పెట్టకండి. వేడికి వాపు ఇంకా పెరుగుతుంది. ఇక్కడో తమాషా ఉంది. ఇలాంటి దెబ్బలకి విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగు సూత్రాలని 1978లో గాబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టరు ప్రచారంలోకి తెచ్చాడు. వాటి ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే "రైస్" అవుతుంది. ఆ రైసు వేరు, మన సంచిలోని రైసు వేరు. ఆ డాక్టరుగారే 2014లో, ఐసు ఎక్కువసేపు పెడితే మానడం ఆలస్యం కావచ్చునని తన మాట కొంత సవరించుకున్నారు. అంచేత కొత్త దెబ్బకి నొప్పి ఓర్చుకోలేనప్పుడు మాత్రం గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు చాలు. వాపు దిగాక, కండరం బిగుసుకుపోయి మిగిలితే అప్పుడు మన సంచి తియ్యండి.

సంచి కుట్టడం

ముందు బట్ట సంగతి. నూటికి నూరుపాళ్ళూ నూలు బట్టే కావాలి. పాత దుప్పటి, లుంగీ, ఖద్దరు, పరుపు గలేబు ఏదైనా సరే. పాలియెస్టరు కలిసిన బట్ట ఓవెన్‌లో కరిగి, ఒంటికి తగిలితే అతుక్కుంటుంది. షాపువాడు నూలన్నంత మాత్రాన నమ్మక్కరలేదు. బట్ట అంచునుంచి నాలుగు పోగులు లాగి, సింకు దగ్గర నించుని అగ్గిపుల్ల అంటించండి. నూలైతే కాగితంలా కాలి మెత్తటి బూడిద రాలుతుంది. పాలియెస్టరు కలిస్తే కరిగి, చల్లారాక గట్టి పూసలా నిలుస్తుంది. అటువంటి బట్ట పక్కన పెట్టెయ్యండి. జరీ అంచు చీర ముక్కలు ఎంత ముచ్చటగా ఉన్నా పనికిరావు. జరీలో లోహం ఉంటుంది, ఓవెన్‌లో నిప్పురవ్వలు లేస్తాయి. జిప్పులు, ప్రెస్ బటన్లు, హుక్కులు, గుండుసూదులు కూడా కూడవు. కుట్టడం అయ్యాక సంచిని ఒకసారి వేళ్ళతో తడిమి, లోపల గుండుసూది ఏదీ ఉండిపోలేదని చూసుకోండి. దారం కూడా నూలుదారమే.

బట్టని ముందే ఉతికి ఆరేయండి. కుట్టాక ఉతికితే కుంచించుకుపోతుంది. ఆ పైన లోపలి సంచిని ఉతకడానికి వీలుండదు కూడా.

మామూలు వాడకానికి 12 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు సంచి సరిపోతుంది. దీనికి 13 అంగుళాల నలుచదరపు ముక్క కత్తిరించండి. మంచి వైపు లోపలికి వచ్చేట్టు సగానికి మడవండి. ఒక పొడుగు వైపు మడత వస్తుంది. రెండో పొడుగు వైపూ, ఒక పొట్టి వైపూ అర అంగుళం లోపలికి కుట్టండి. కుట్టు మీద కుట్టుగా రెండుసార్లు కుట్టాలి. మిషను లేనివారు చేత్తో కుట్టుకోవచ్చు. అయితే మామూలు టాకాలు వేస్తే నెలరోజులకే బియ్యం రాలతాయి. సూది ముందుకి తీసి, మళ్ళీ వెనక్కి గుచ్చి, సందు లేకుండా గట్టి కుట్టు వెయ్యండి. సంచిని తిరగేసి మూలలు పుల్లతో సరిచెయ్యండి.

చాలామంది ఇక్కడే బియ్యమంతా ఒక్కసారి పోసి మూతి కుట్టేస్తారు. అలా చేస్తే నడుం మీద పెట్టగానే బియ్యం రెండు చివరలకీ జారిపోయి మధ్యలో ఉత్త బట్ట మిగులుతుంది. నొప్పి ఉన్నది మధ్యలోనాయె! అందుకని గదులు కట్టండి. అరకిలో బియ్యాన్ని మూడు వాటాలు చేసి, మొదటి వాటా పోసి, అడుగునుంచి నాలుగు అంగుళాల మీద అడ్డంగా ఒక కుట్టు వెయ్యండి. రెండో వాటా పోసి ఇంకో నాలుగు అంగుళాలకి ఇంకో కుట్టు. మూడోది పోసి, మూతి అంచు లోపలికి మడిచి రెండుసార్లు కుట్టెయ్యండి. గది మూడొంతుల్లో రెండొంతులే నిండాలి. బిగించి నింపితే సంచి ఒంటికి వంగదు. మెడకి కావాలంటే 20 అంగుళాల పొడుగూ 5 అంగుళాల వెడల్పూ పెట్టుకుని అయిదారు గదులు కట్టుకోండి, కండువాలా భుజాల మీద వేసుకోవచ్చు. వెడల్పాటి నడుముకి 14 అంగుళాలూ 10 అంగుళాలూ పెట్టుకోండి. దానికి కిలోదాకా పడతాయి.

దీనికో పై గలేబు కూడా కావాలి. కొంచెం మందపాటి నూలు బట్టతో, తలగడ గలేబులా ఒక వైపు మడత లోపలికి దోపేట్టు కుట్టండి. చెమటా, తలనూనె మురికీ ఆ గలేబుకే అంటుతాయి. ఉతుక్కోవడం సులువు. చర్మానికీ సంచికీ మధ్య ఇంకో పొర అడ్డుండడం అన్నిటికన్నా ముఖ్యం.

బియ్యం సంగతి

సన్నబియ్యమే కావాలని లేదు. రేషను బియ్యమైనా బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కడగకూడదు. జల్లించి తవుడూ నూకా తీసేస్తే చాలు. నూక కుట్టు సందుల్లోంచి రాలుతుంది. కొత్త బియ్యంలో చెమ్మ ఎక్కువ కాబట్టి పాత బియ్యం మంచిది.

ఎండు బియ్యంలో చెమ్మేమిటి అనకండి. చూడడానికి ఎండుగా ఉన్నా బియ్యపు బరువులో నూటికి పన్నెండు పధ్నాలుగు వంతులు నీరే. ఓవెన్ తరంగాలు ఆ నీటి అణువులని కదిలించడం వల్లే గింజ వేడెక్కుతుంది. 1945లో పెర్సీ స్పెన్సర్ అనే అమెరికన్ ఇంజనీరు రాడారు పరికరం దగ్గర పనిచేస్తుంటే జేబులోని చాక్లెటు కరిగిపోయిందిట. మైక్రోవేవ్ ఓవెన్ పుట్టింది అలాగే. ఎండు ఇసుకలో కదిలించడానికి నీరు లేదు కనక అది ఓవెన్‌కి పనికిరాదు. ఇసుక మూట బాణలికే సొంతం. మొక్కజొన్న గింజలు వెయ్యకండి, మీరు కాపడం పెట్టుకునేలోపు అవి పేలాలవుతాయి. అవిసె గింజలు వేడిని బాగా పట్టుకుంటాయి గాని నూనెగింజలు కాబట్టి కొన్నాళ్ళకి కంపు కొడతాయి. నీలగిరి తైలం, అత్తరు లాంటివి బియ్యంలో కలపడం ఫ్యాషనుగా ఉంది. నూనె చుక్కకి నిప్పంటుకునే గుణం ఉంది, వద్దు.

ఓవెన్‌లో పెట్టేటప్పుడు

పై గలేబు తీసేసి, సంచిని శుభ్రమైన పళ్ళెం మీద పరచండి. పళ్ళెం అడ్డం లేకుండా గుండ్రంగా తిరగాలి. సంచి గోడకి తగిలి తిరగడం ఆగిపోతే ఒక్కచోటే వేడి పేరుకుని బియ్యం మాడుతుంది. పక్కన ఒక కప్పు నీళ్ళు పెట్టండి, కొంత వేడిని అది తీసుకుంటుంది. ఆ కప్పు తీసేటప్పుడు చెయ్యి జాగ్రత్త.

అరకిలో సంచికి మొదట 30 సెకన్లు. తీసి, బాగా కుదిపి, తిరగేసి, ఇంకో 30 సెకన్లు. చాలకపోతే ఇంకో 30. మీ ఓవెన్ 700, 800 వాట్లదైతే సాధారణంగా నిమిషం, నిమిషంన్నరలో సరిపోతుంది. రెండు నిమిషాలు దాటనివ్వకండి. పక్కింటావిడ ఓవెన్‌లో మూడు నిమిషాలు పెట్టారని మీరూ పెట్టకండి, ఒక్కో ఓవెన్ జోరు ఒక్కోరకం. మొదటిసారి మీ సంచికి ఎంత పట్టిందో గుర్తు రాసుకుంటే తర్వాత వెతుకులాట ఉండదు. స్విచ్చి వేసి స్నానానికి వెళ్ళడం, పిల్లల చేత పెట్టించడం, రెండూ వద్దు.

తీశాక ఒక నిమిషం ఆగండి. ఓవెన్‌లో వేడి అన్నిచోట్లా సమంగా ఉండదు. పైకి గోరువెచ్చగా ఉన్న సంచి నడిమధ్య మండుతూ ఉంటుంది. బాగా పిసికి, గలేబు తొడిగి, ముంజేతి లోపలివైపు పూర్తిగా పదిహేను సెకన్లు ఆనించి చూడండి. హాయిగా ఉంటే సరే. చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపిస్తే ఇంకా చల్లారాలి. నొప్పి ఉన్నచోట పదిహేను నుంచి ఇరవై నిమిషాలు ఉంచి తీసెయ్యండి. సంచిని ఒంటి మీద పెట్టుకోవాలి గాని సంచి మీద ఒళ్ళు పెట్టి పడుకోకూడదు. బరువు పడితే వేడి బయటికి పోయే దారి ఉండదు, పైగా నిద్ర పడుతుంది.

అదే సంచిని వెంటనే మళ్ళీ వేడి చెయ్యకూడదు. లోపలి గింజలు ఇంకా వేడిగానే ఉంటాయి కనక రెండోసారికి మాడతాయి. పూర్తిగా చల్లారడానికి ఒకటి రెండు గంటలు పడుతుంది. ఎక్కువసార్లు కావాలంటే రెండు సంచులు కుట్టుకోండి. వేడి సంచిని దుప్పట్ల మడతల్లో దాచిపెట్టడం కూడా ప్రమాదమే. మాడిన గింజ లోలోపల రాజుకుని చాలాసేపటికి మంట లేచిన సందర్భాలున్నాయి. బ్రిటన్‌లో గోధుమలు నింపిన ఇలాంటి సంచుల వాడకం ఎక్కువ. నిప్పు ప్రమాదాలు చూశాకనే అక్కడ 2004లో వీటికంటూ ప్రత్యేక ప్రమాణం పెట్టారు. ఓవెన్‌లోంచి పొగ కనిపిస్తే తలుపు తియ్యకండి. గాలి తగిలితే మంట లేస్తుంది. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, పొగ పూర్తిగా ఆగేదాకా అలాగే ఉంచండి.

గంట మోగనివారు

ఆమధ్య ఒక రిటైర్డు మాస్టారిని మా దగ్గరికి తీసుకొచ్చారు. పన్నెండేళ్ళుగా షుగరు ఉంది. చలికాలం, అరికాళ్ళు మొద్దుబారినట్టు చల్లగా ఉంటున్నాయన్నారట. కోడలు ముచ్చటపడి బియ్యం సంచి కుట్టింది. వేడి చేసి పాదాల కింద పెట్టి "వేడిగా ఉందా మావయ్యగారూ?" అని అడిగింది. "ఏం లేదమ్మా, గోరువెచ్చగా కూడా లేదు, ఇంకాస్త కాచు" అన్నారాయన. ఇంకాస్త కాచి తెచ్చింది. ఆయన హాయిగా నిద్రపోయారు. తెల్లారి చూస్తే అరికాలి మీద అరిచెయ్యంత బొబ్బ. ఆయనకి చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది, చిటికెన వేలు తీసెయ్యవలసి వచ్చింది. ఆ అమ్మాయి ఏడుస్తూ "అడిగే పెట్టానండీ" అంది. అడిగిన మాట నిజమే. జవాబు చెప్పవలసిన నరాలే ఆయన పాదంలో పనిచెయ్యడం లేదు.

షుగరు జబ్బు చాలా ఏళ్ళు ఉన్నవారిలో పాదాల నరాలు మెల్లగా చచ్చుబడతాయి. మొదట తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండడం, మంటలు. తర్వాత ఏమీ తెలియకపోవడం. చిత్రమేమిటంటే చల్లగా ఉందని అనిపించే పాదం నిజంగా చల్లగా ఉండనక్కరలేదు, నరం చెప్పే తప్పుడు కబురు కావచ్చు. మన దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి షుగరు ఉందని భారత వైద్య పరిశోధనా మండలి 2023లో ప్రకటించిన లెక్క. అంచేత ప్రతి వీధిలోనూ ఇలాంటి పాదాలు ఉంటాయి.

ఇంట్లోనే చేసుకోగల ఒక చిన్న పరీక్ష ఉంది. బ్రిటన్‌లో ఇప్స్‌విచ్ ఆస్పత్రి డాక్టర్లు దీన్ని రూపొందించారు. పెద్దాయనని కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొనతో ఆయన రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు ఒక్కొక్కటీ ఒకటి రెండు సెకన్లు మెత్తగా ముట్టుకోండి. నొక్కకూడదు, గోకకూడదు. తగిలినప్పుడల్లా కుడో ఎడమో చెప్పమనండి. ఆరు వేళ్ళలో రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. ఆ కాళ్ళకి కాపడం, వేడినీళ్ళలో పెట్టడం, హీటరు దగ్గర చాపడం అన్నీ మానేసి డాక్టరుకి చూపించండి. చలికి మేజోళ్ళు చాలు.

పక్షవాతం వచ్చిన వైపు, కుష్ఠువల్ల స్పర్శ పోయిన చోట కూడా ఇదే సంగతి. నిద్రమాత్ర వేసుకున్నవారికీ, మందు తాగినవారికీ ఆ గంట మోగినా వినపడదు. చంటిపిల్లల చర్మం పల్చన, పైగా నోరు లేదు, కడుపునొప్పని వాళ్ళ పొట్టమీద ఈ సంచి పెట్టవద్దు. బాలింతకి కాపడం పెట్టడం మన ఆచారం. నడుముకి గోరువెచ్చగా పెడితే అభ్యంతరం లేదు. కాని ఆపరేషనుతో కాన్పయినవారికి కుట్టు చుట్టూ కొన్ని నెలలు స్పర్శ తెలియదు, అక్కడ కాపడం కూడదు. మంచం కింద నిప్పుల కుంపటి మాత్రం ఎవరికీ వద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గుపొగ ప్రాణం తీస్తుంది.

ఇంకో అలవాటు చెప్పాలి. నొప్పి బామ్ దట్టంగా రాసి దాని మీద కాపడం పెడుతుంటారు. అది చర్మాన్ని ఉడికిస్తుంది, మందు ఒంట్లోకి ఎక్కువగా దిగుతుంది. బామో కాపడమో, ఏదో ఒకటే. రోజూ ఒకేచోట వేడి పెడితే చర్మం మీద వలలాంటి నల్లటి గీతలు పడతాయి. కాశ్మీరులో చలికి నిప్పుల కుండని పొట్టకి ఆనించి అంగీ కింద పెట్టుకుంటారు, కాంగ్రీ అంటారు. ఏళ్ళ తరబడి అలా కాగిన చర్మానికి కేన్సరు రావడం అక్కడి డాక్టర్లకి చిరకాలంగా తెలుసు. మీ సంచి ఆ స్థితికి తెస్తుందని కాదు. ఆ వల గీతలు కనిపిస్తే మాత్రం ఇక అక్కడ కాపడం ఆపెయ్యండి.

కాపడంతో కాలయాపన చెయ్యకూడని నొప్పులు

ఛాతీలోనో ఎడమ భుజంలోనో దవడలోనో బరువుగా నొప్పి, దాంతోపాటు చెమటలు, ఆయాసం ఉంటే అది "పట్టేసిన" కండరం కాదు. గుండెపోటు మొదటి గంట చాలా విలువైనది. దాన్ని బియ్యం సంచికి ఖర్చు పెట్టకుండా 108కి ఫోన్ చెయ్యండి. దూరప్రయాణం తర్వాతో, ఆపరేషను తర్వాతో ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పెడుతుంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని రుద్దకూడదు, కాచకూడదు. బొడ్డు దగ్గర మొదలై కుడి పక్కకి దిగిన కడుపునొప్పి, జ్వరం, వాంతులు ఉంటే అపెండిసైటిస్ కావచ్చు, కాపడంతో తాత్సారం చెయ్యవద్దు. ఎర్రగా వేడిగా వాచిన కీలుకి ఇంకా వేడెందుకు? నడుంనొప్పితోపాటు కాళ్ళు పట్టుతప్పినా, మూత్రం మీద అదుపు పోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఒకవేళ కాపడానికి చర్మం కాలితే, కుళాయి కింద మామూలు చల్లనీళ్ళ ధారలో ఇరవై నిమిషాలు ఉంచండి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, సిరా వద్దు, పసుపూ వద్దు. బొబ్బ చిదపకండి. షుగరు ఉన్నవారికి కాలిన గాయం ఎంత చిన్నదైనా డాక్టరు చూడవలసిందే.

ఓవెన్ లేనివారికి

బాధపడవలసిందేమీ లేదు. అవే బియ్యాన్నో ఉప్పునో బాణలిలో సన్నని సెగ మీద కలుపుతూ వెచ్చచేసి మందపాటి నూలుగుడ్డలో మూట కట్టండి. అయితే బాణలి వేడికి హద్దు ఉండదు, గింజ రంగు మారేదాకా కాచకండి. కుట్టిన సంచిని పెనం మీద పెట్టకండి, బట్ట అంటుకుంటుంది. రబ్బరు సంచి ఉంటే మరిగే నీళ్ళు కాకుండా, కాస్త ఆరిన వేడినీళ్ళు మూడొంతుల్లో రెండొంతులే పోసి, గాలి వెళ్ళగొట్టి బిరడా బిగించండి. రబ్బరు పగుళ్ళు తేలితే పారెయ్యండి. ముంజేతి పరీక్ష వీటన్నిటికీ ఒకటే.

సంచిని పొడిగా, మూత ఉన్న డబ్బాలో దాచండి. లేకపోతే ముక్కపురుగులూ ఎలుకలూ వాటా అడుగుతాయి. వాడినకొద్దీ బియ్యంలో చెమ్మ పోయి వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది. ఎక్కువసేపు పెట్టామా, మాడుతుంది. పేలాల వాసనో మాడు వాసనో వచ్చినా, బట్ట మీద గోధుమరంగు మచ్చ కనిపించినా ఆ బియ్యం పని అయిపోయినట్టే. ఏమీ కనిపించకపోయినా ఆరునెలలకొకసారి మార్చెయ్యడం మంచిది. కుట్టిన రోజు తారీఖు సంచి మూల మీద రంగుదారంతో కుట్టి ఉంచండి.